కాలువ గట్టు మీద ఏడు ముద్దలు

సైకిలు మీద నౌపడ దాకా వెళ్లొచ్చామంటే మా కాలేజీ స్టాఫ్ రూములో ఎవరూ నమ్మలేదు. నమ్మిన ఒకరిద్దరూ జాలిపడ్డారు. "స్కూటీ పాడైందా మేడం?" అన్నారు. నలభై ఏడేళ్ల లెక్కల లెక్చరరు, యాభై రెండేళ్ల ఆడపడుచును వెంటబెట్టుకుని ఐదు రోజులు కాలువ గట్ల మీద తిరిగిందంటే ఇంట్లో గొడవైనా జరిగి ఉండాలి, ఏదో మొక్కైనా ఉండి ఉండాలి. మాకు రెండూ లేవు. లారీలంటే భయం మాత్రం ఉంది.

విజయనగరం రోడ్ల మీద సైకిలు తొక్కడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. కిందటేడు చీపురుపల్లిలో పెళ్లికి వెళ్తూ బస్సు కిటికీలోంచి తోటపల్లి కాలువ గట్టు చూశాను. ఎర్ర గ్రావెల్ పోసిన దారి. కనుచూపు మేరలో ఒక మేకల మంద తప్ప ఏమీ లేదు. బస్సులోనే ఫోను తీసి, మ్యాపులో ఆ గట్టు వెంట వేలు పోనిచ్చాను. అది నాగావళి దాకా వెళ్లింది. అక్కణ్నుంచి కాస్త అటూ ఇటూ పడితే వంశధార కాలువ, దాని గట్టు పట్టుకుంటే కోటబొమ్మాళి, ఆపైన నౌపడ ఉప్పు మళ్లు. దారి మొదట్లో విజయనగరం కోట, తర్వాత బొబ్బిలి, వాటి మధ్య ఒక పాత యుద్ధం. ఆరోజు పెళ్లిలో ఏం తిన్నానో నాకు గుర్తు లేదు.

మా ఆయన రానన్నారు. ఆయన అక్క సరోజిని వస్తానంది. ముప్ఫయ్యేళ్లు నర్సుగా చేసి ఈమధ్యే ఉద్యోగం మానేసిన మనిషి. ఆ రోజుల్లో సైకిలు మీదే ఊరూరూ తిరిగి పిల్లలకు టీకాలు వేసింది. "నీకన్నా నానే బాగా తొక్కుతాను, సూస్కో" అంది. అన్నంత పనీ చేసింది. మేం కొన్నవి గ్రావెల్ దారుల కోసం చేసిన సైకిళ్లు, లావు టైర్లవి, ఎవరో వాడి అమ్మేసినవి. వదిన తన దానికి ముందు ఒక వైరు బుట్ట కట్టించుకుంది. ఆ బుట్ట లేకపోతే రానంది.

చూసినవీ తిన్నవీ వరసగా రాస్తాను. కానీ ముందే ఒక మాట చెప్పాలి. ఈ దారిలో ఒక ఊళ్లో ఒక అమ్మాయికి గురువారం మధ్యాహ్నం రైలుంది. ఆర్మీ ట్రైనింగుకి వెళ్లాలి. వాళ్ల మామ్మ వెళ్లనివ్వనంది. రెండో రోజు సాయంత్రం నుంచి మా ఇద్దరికీ కోటలూ కాలువలూ వెనకబడిపోయాయి, ఆ రైలొక్కటే మనసులో ఉండిపోయింది.

కోట నుంచి కాలువకు

ఆదివారం పొద్దున్నే విజయనగరం కోట గుమ్మం దగ్గర బయల్దేరాం. గోడ పక్కన ఇడ్లీ బండి. ప్లేటు ముప్ఫై రూపాయలు, అల్లం పచ్చడి కావాలంటే మళ్లీ మళ్లీ వేస్తుంది. బండావిడ మా సైకిళ్ల హ్యాండిళ్లు చూసి, "పొట్టేలు కొమ్ముల్లాగున్నాయేటమ్మా" అంది. వదిన మనసులో ఆ మాట నాటుకుపోయింది. ఐదు రోజులూ తన సైకిల్ని పొట్టేలనే పిలిచింది.

పొలాల దారుల్లో పడి గరివిడి దాటాక గట్టెక్కాం. ఎక్కగానే చెవులకు ఏదో తేడా తెలిసింది. కాసేపటికి గాని అర్థం కాలేదు, హారన్లు లేవు. టైరు కింద గరుసు నలిగే చప్పుడొక్కటే ఉంది. మాఘమాసం కాబట్టి మామిళ్లు పూత మీదున్నాయి. వరి కోసేసిన మళ్లలో మినుము, పెసర మొలిచి ఉన్నాయి. కాలువలో నీళ్లు మోకాలి లోతే, కానీ తేటగా ఉన్నాయి. మొదటి పది కిలోమీటర్లూ మేం ఒక్కముక్క మాట్లాడుకోలేదు. వదిన విషయంలో అది చెప్పుకోదగ్గ సంగతి.

మేకలు కాస్తున్న ఒకావిడ మమ్మల్ని ఆపింది. తలమీద తువ్వాలు, చేతిలో కొక్కెం కర్ర.

"ఏటమ్మా, బస్సు తప్పిపోనాదేటి?"

లేదు, సరదాకి వెళ్తున్నాం అన్నాను.

"సరదాకా! ఎంత దూరం?"

నౌపడ అన్నాను. ఆవిడ మా ఇద్దర్నీ పైనుంచి కిందకి చూసింది. "మగోలికి సెప్పే ఒచ్చినారా?" అంది. వదిన ఊరుకుంటుందా! "మా మగోల్లు ఇంటికాడ పప్పు రుబ్బుతన్నారు" అంది. ఆవిడ పగలబడి నవ్వి, చెట్టుకొమ్మకు తగిలించిన క్యాను దింపి అంబలి పోసింది. మా ఇంట్లో రాగిజావ అంటే పాలు, పంచదార, చెంచా. ఇక్కడ చోడి అంబలి అంటే పులిసిన గంజి, ఉల్లిపాయ, ఉప్పుమిరపకాయ, అరచేతులు రెండూ దోసిలి. పది రూపాయలు ఇవ్వబోతే, "అంబలికి డబ్బులేటి, ఈ గట్టంట మల్లీ వస్తే ఆగండి" అంది. మధ్యాహ్నం దాకా మాకు ఆకలి వేయలేదు.

బొబ్బిలిలో టీ

బొబ్బిలి చేరేసరికి మూడయింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. నా పుట్టిల్లు విజయనగరం. వదిన అత్తవారిది బొబ్బిలి. ఈ రెండు ఊళ్లవాళ్లూ కొట్టుకుని రెండు వందల అరవై ఏళ్లు దాటింది. మావాళ్లు ఫ్రెంచి ఫిరంగుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. బొబ్బిలి కోట ఒక్కరోజులో బూడిదైంది, లోపలి ఆడవాళ్లూ పిల్లలతో సహా. విజయనగరంలో ఈ సంగతి ఎవరూ కదపరు. బొబ్బిలిలో అయితే రెండో గుక్క టీ తాగేలోపు కదుపుతారు.

యుద్ధ స్తంభానికి దగ్గర్లోనే టీ కొట్టు. కొట్టాయన మాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను.

"ఇజీనారమోలా? అలగైతే డబ్బులు ముందిచ్చీయండి."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వి ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టాను. టీ తాగి లేచేటప్పుడు ఆయన ఆ ఇరవై నా చేతిలో తిరిగి పెట్టేశాడు. "ఆడపిల్లల కాడ పాత పగలేటమ్మా" అన్నాడు.

స్తంభం దగ్గర చాలాసేపు నిలబడ్డాం. రాయి, చుట్టూ గడ్డి, ఎండ. చదివిన చరిత్ర చదివినట్టే ఉంటుంది గాని ఆ రాయి ముందు నాకు చిన్నతనంగా అనిపించింది, మా ఊరి తరఫున ఏదో సంజాయిషీ చెప్పాలన్నట్టు. వదిన నా భుజం తట్టి, "పోన్లేవే, నువ్వు ఫిరంగి తేలేదు కదా" అంది. ఆ సాయంత్రం వాళ్ల అత్తవారి బంధువులింట్లో పనసపొట్టు ఆవపెట్టిన కూరతో భోజనం పెట్టారు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

పల్లేరుకాయలు చేసిన మేలు

సోమవారం బొబ్బిలి నుంచి తూర్పుకి తిరిగి మళ్లీ కాలువ పట్టుకున్నాం. బలిజిపేట వైపు గట్టు మీద గ్రావెల్ కొత్తగా పోశారు. సైకిళ్లు బాగా సాగుతున్నాయని మురిసిపోయి, ఒకచోట దగ్గరదారని గట్టు దిగి మెట్ట చేలోంచి పడ్డాం. పల్లేరుకాయలు! నా వెనక టైరులో పదకొండు ముళ్లు, వదిన పొట్టేలికి రెండు టైర్లలోనూ కలిపి పదిహేడు. మా దగ్గరున్న పంచరు సామాను మూడు కంతలకు సరిపోతుంది.

తోసుకుంటూ మళ్లీ గట్టెక్కేసరికి పొద్దు వాలుతోంది. ఎదర్నుంచి ఒకమ్మాయి పరుగెత్తుకొస్తోంది. ట్రాక్ ప్యాంటు, చుడీదారు పైది, అరిగిన బూట్లు. మా దగ్గరకొచ్చి ఆగింది, రొప్పుతూనే అడిగింది.

"ఆంటీ, మీ వాచీలో సెకన్లు కనిపిస్తాయా? నా ఫోను చార్జింగయిపోనాది. ఇక్కణ్నించి ఆ తూము దాకా ఎల్లి వస్తాను, టైము సూస్తారా?"

చూశాను. తిరిగొచ్చాక టైము చెబితే, మొహం చిట్లించి, "నిన్నటికన్నా నాలుగు సెకన్లు ఎక్కువ" అంది. అలా పరిచయమైంది గౌరి. డిగ్రీ చదివింది. పరీక్షలూ పరుగూ డాక్టరీ అన్నీ దాటి, ట్రైనింగుకి రమ్మని కాగితం వచ్చింది. గురువారం బొబ్బిలిలో రైలెక్కాలి. అమ్మానాన్నలు హైదరాబాదులో మేస్త్రీ పనుల్లో ఉన్నారు. మూడో ఏటి నుంచీ గౌరిని పెంచింది మామ్మ పైడమ్మ.

ఆ రాత్రికి వాళ్లింట్లోనే ఉండిపొమ్మంది. ఊరి పేరు రాయను, వాళ్లు వద్దన్నారు. పైడమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. మమ్మల్ని చూడగానే, "కూకోండమ్మా, కాల్లు కడుక్కోండి, ఏటి తిన్నారు" మూడూ ఒకేసారి అడిగేసింది. వంకాయ, ఎండు నెత్తళ్లు కలిపి వండింది. అన్నం పొగలు కక్కుతోంది. తింటుండగా గౌరి ప్రయాణం మాట వదిన ఎత్తింది. ముసలావిడ చేయి ఆగిపోయింది.

"అది ఎల్లదు. మా అచ్చరాలమ్మ ఎల్లనీదు."

అచ్చరాలమ్మ వాళ్ల ఊరి అమ్మవారు. గట్టు పక్కన, చిన్న పందిరి కింద ఒక రాయి. అమ్మవారి ఒంటి మీద ఏవో అక్షరాలున్నాయని ఆ పేరు. ఏటా మాఘంలో రెండో మంగళవారం ఆమెకు స్నానం చేయించి, ఏడు ముద్దల అన్నం పెడతారు. ఐదు ముద్దలు పిల్లలకు తినిపిస్తారు. రెండు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు, నీళ్లలో వదిలేయాలి. కాలువ రాకముందు పక్క గెడ్డలో, అంటే వాగులో, వదిలేవారట.

"ఆ రెండు ఎవరికి మామ్మా?" అని అడిగాను.

"నీల్లు దాటి ఎల్లి రానేనోలికి. మా అత్త సెప్పింది, ఆవిడికి ఆల్లత్త సెప్పింది. ఈ ఊరొదిలి తుపాకీ పట్టుకుందికి ఎల్లినోలు రారు. అమ్మోరు సెప్పిన మాట అది. ఇది కూడా ఎల్లిపోతే రేపు దీనికీ నీల్లల్లో ముద్ద ఒదలాలేటి?"

గౌరి కంచం ముందు తల వంచుకుంది. తర్వాత మాతో ఒంటరిగా చెప్పింది. "ఎల్లాలంటే ఎల్లిపోగల్ను ఆంటీ. గాని మామ్మ బొట్టు పెట్టకుండా గడప దాటనేను. పెంచింది కదా." వదిన నర్సు బుద్ధి పోనిచ్చుకోలేదు, ఆ పిల్ల బొటనవేలి గోరు చుట్టూ వాపు చూసి వేణ్నీళ్లలో పెట్టించింది. అంతకంటే ఏం చేయగలమో మాకు తోచలేదు.

అచ్చరాలమ్మ స్నానం

మర్నాడే మంగళవారం. పొద్దున్నే పైడమ్మ మా ఇద్దర్నీ లేపింది. "మీరూ రండి. పెల్లైన ఆడోలు ఉండొచ్చు."

అమ్మవారి స్నానానికి అక్కడొక కట్టుబాటు ఉంది. పాత పసుపూ నూనే చింతపండు గుజ్జుతో పూర్తిగా ఊడ్చి, కడిగి, మళ్లీ పూస్తారు. ఒంటి మీద పసుపు లేకుండా ఉన్న అమ్మవారిని మగవాళ్లు చూడకూడదు. పెళ్లికాని పిల్లలు చూడకూడదు. చుట్టూ చీరలు అడ్డం కట్టి, నలుగురు ముసలమ్మలే లోపలుండి చేస్తారు. మగవాళ్లు, పిల్లలు అందరూ గట్టు కింద వెనక్కి తిరిగి నిలబడ్డారు. గౌరి కూడా వాళ్లలోనే ఉంది.

వేణ్నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో రుద్దుతుంటే పసుపు పొరలు పొరలుగా వచ్చింది. కింద నల్లటి జిడ్డు, దాని కింద రాయి. నున్నగా, నాలుగు పలకలుగా చెక్కిన రాయి. అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నేను వంగి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు.

వదిన నా చేయి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి చదివాం, పైకి కాదు, లోపల. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ ఊరి నుంచి ఏడుగురు వెళ్లారని ఉంది. వాళ్లలో ఇద్దరు ప్రాణాలు ఇచ్చారని ఉంది. అంతే. ఇంగ్లీషువాళ్లు ఊళ్లలో పాతించిన ఇలాంటి రాళ్ల గురించి ఎక్కడో చదివాను గాని పసుపు పూసుకున్న దాన్ని చూడటం అదే మొదలు.

ఇన్నేళ్లలో ఎవరూ ఎందుకు చదవలేదో అప్పుడు బోధపడింది. చదవగలిగిన మగవాళ్లు చూడకూడదు. చదవగలిగిన ఆడపిల్లలకు పెళ్లి కాలేదు. పెళ్లై వచ్చిన చదువుకున్న కోడళ్లు హైదరాబాదులో, చెన్నైలో ఉన్నారు. చూడొచ్చని ఒప్పుకున్న ఈ నలుగురికీ అక్షరం రాదు.

"ఏటి రాసున్నాదమ్మా?" అంది పైడమ్మ. మా మొహాలు ఆవిడ కనిపెట్టేసింది.

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఏడులోంచి రెండు తీసివేయడం ఇంత కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. చెప్పాను. ఏడుగురు వెళ్లారు మామ్మా, ఇద్దరు పోయారు. ఐదుగురు తిరిగొచ్చారు.

"మల్లీ సదువు."

మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. మిగతా ముసలమ్మలు చేతుల్లో పీచు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఒకావిడ గొణిగింది, "ఏడు ముద్దలు… ఐదు పిల్లలకి… ఓలమ్మా."

"పేర్లున్నాయేటి?" అడిగింది పైడమ్మ. లేవన్నాను. "అయితే ఎవులింటోలో తెలీదు. అందరింటోలనే అనుకోవాల" అంది.

వదినకు భయం పట్టుకుంది. వాళ్ల దేవతను మనం చెడగొట్టేశామేమోనని నా చెవిలో అంది. పైడమ్మ వినేసింది. "అమ్మోరు అమ్మోరే. ఏడుగురు బిడ్డల్ని ఒల్లో పెట్టుకుని కూకుందని ఇన్నాల్లూ నాకు తెలీదు, అంతే" అని పసుపు గిన్నె అందుకుంది. ఎప్పటికన్నా నిదానంగా పూసింది. అక్షరాలు మళ్లీ మూసుకుపోయాయి.

తర్వాత ముద్దలు పెట్టారు. ఐదుగురు పిల్లలు వరసగా కూర్చుని తింటుంటే, ఒక్కొక్కరు ఆఖరి మెతుకు తినేదాకా పైడమ్మ కదల్లేదు. రెండు ముద్దలు నీళ్లలో వదిలింది. సంగతి అప్పటికే గట్టు కిందకి పాకింది. గౌరి పరుగెత్తుకొచ్చింది.

"మామ్మా, ఐదుగురు ఒచ్చినారంట!"

"ఇద్దరు రానేదు కదే," అంది ముసలావిడ. "ఏడుగురిలో ఇద్దరంటే తక్కువేటి?"

ఆవిడ అన్నది నిజం. ఐదూ నిజమే, రెండూ నిజమే.

పాలకొండ దారిలో

ఊళ్లో ఒకాయన మా ముళ్లన్నీ పీకి టైర్లకు అతుకులేసి పెట్టాడు. గౌరి నంబరు తీసుకుని బయల్దేరాం. తోటపల్లి దగ్గర నాగావళి చూసి, ఆ పూటకు పాలకొండ చేరాం. దారిలో ఒక పెద్దాయన తేగలు కాల్చి అమ్ముతున్నాడు, కట్ట ముప్ఫై. రెండు కట్టలు కొని ఒకటి తిన్నాం. రుచి తెలియలేదు.

"ఆ రాయి సదవకుండా ఉంటే బాగున్నేమో" అంది వదిన. "ముందు ఒకటే భయముండేది. ఇప్పుడు లెక్క కూడా తెలిసిపోనాది." నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం కూడా చెప్పలేకపోయాను. మాకు ఐదు రోజుల్లో జరిగిన ఒకే ఒక్క గొడవ అదే. ఇద్దరం చెరో గట్టు మీద తొక్కుతున్నట్టు ముందొకరం వెనకొకరం పోయాం.

కోటబొమ్మాళి సైకిలు షాపు

బుధవారం హిరమండలం దగ్గర వంశధార ఎడమ కాలువ గట్టెక్కాం. మొత్తం ప్రయాణంలో ఇదే మంచి దారి. ఒకవైపు నీళ్లు, ఒకవైపు జీడితోటలు, జీడిపూత వాసన. ముప్ఫై కిలోమీటర్లలో మాకు ఎదురైనవి రెండు ఎడ్లబళ్లు, ఒక పోస్టుమాను. కానీ అతుకులు నిలవలేదు. కోటబొమ్మాళి చేరేసరికి వదిన పొట్టేలు కుంటుతోంది.

పాత బాప్టిస్టు చర్చి పక్క సందులో సైకిలు షాపు. మాఘంలో కూడా క్రిస్మస్ నక్షత్రం దింపలేదు. షాపాయన పేరు దానియేలు, అరవై ఏళ్లుంటాయి. టైరు విప్పుతూ మా ప్రయాణమంతా అడిగి తెలుసుకున్నాడు. యుద్ధాల జాడలు చూస్తున్నామంటే, రెండో ప్రపంచ యుద్ధంలో విశాఖపట్నంలో జపానువాళ్ల బాంబు పడినప్పుడు జనం రైళ్లెక్కి పరుగెత్తుకొచ్చారని, వాళ్ల నాయనమ్మ చర్చి ఆవరణలో గంజి కాచి పోసిందని చెప్పాడు. నేను గౌరి సంగతి, రాయి సంగతి చెప్పాను. ఆయన టైరు లివరు కింద పెట్టాడు.

"నాను పదిహేడేల్లు మిలట్రీలో సేసినానమ్మా. ఈ సందులో ముగ్గురం ఎల్లినాం, ముగ్గురం ఒచ్చినాం. మా గురించి ఎవులు కథ సెప్తారు? రానేనోడి గురించి ఊరంతా సెప్తాది. ఒచ్చినోడు ఇలగ పంచర్లేసుకుంటాడు."

వదిన ఇంకేమీ ఆలోచించలేదు. ఫోను తీసి గౌరికి కలిపింది, మామ్మకివ్వమంది. స్పీకరు పెట్టి దానియేలు ముందు పెట్టింది. ఆయన కంగారుపడి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని మాట్లాడాడు.

"అమ్మా, నాను కోటబొమ్మాలి నుంచి. నానూ మిలట్రీకి ఎల్లి ఒచ్చీసినాను."

అటువైపు నుంచి పైడమ్మ గొంతు: "అన్నం తిన్నావా నాయినా?"

"తిన్నానమ్మా."

"అక్కడ అన్నం పెడతారా, పిల్లకి?"

"కడుపు నిండా పెడతారమ్మా. ఉప్పే సరిపోదు."

"ఉప్పు సరిపోదా!" అంది ముసలావిడ. అది వింటే యుద్ధం కన్నా అదే పెద్ద ఉపద్రవంలా ఉంది. ఆ తర్వాత ఫోను కట్టయిపోయింది. దానియేలు మా దగ్గర రెండు పంచర్లకే డబ్బులు తీసుకున్నాడు, వేసినవి ఐదు. టీ మాత్రం తనే తెప్పించాడు. వదినా నేనూ మళ్లీ పక్కపక్కనే కూర్చుని తాగాం.

నౌపడ

గురువారం. ఆఖరి రోజు దారి చిన్నది. నౌపడ దగ్గరకొస్తుంటే గాలి మారిపోయింది, పెదాలు నాకితే ఉప్పగా తగిలింది. మళ్లు మళ్లుగా నీళ్లు, మధ్యలో సన్నటి గట్లు, అక్కడక్కడా తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు. ఆ గట్ల మీద సైకిలు తొక్కడం లెక్కల పరీక్ష కన్నా కష్టం. నేను ఒకసారి మడిలో పడ్డాను. మోకాలు గీరుకుపోయి, ఉప్పునీళ్లు తగిలి, నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయలేను. మడి చదును చేస్తున్న ఆడవాళ్లు పార వదిలేసి వచ్చి లేపారు. "ఉప్పు గాయం తొరగా మానిపోతాదిలే" అని ఒకావిడ, "సైకిలికేటి అవనేదు కదా" అని ఇంకొకావిడ. వదిన మాత్రం నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడింది.

రైలు వేళ ఎప్పుడో దాటిపోయింది. అడగడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. నువ్వు చెయ్యంటే నువ్వు చెయ్యి అనుకుంటుండగా వదిన ఫోను మోగింది. వెనక రైలు చప్పుడు.

"ఆంటీ, పార్వతీపురం దాటిపోనాం!"

వదిన ఏడ్చేసింది. ముప్ఫయ్యేళ్లు ఆసుపత్రుల్లో చేసిన మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఫోను నేను తీసుకున్నాను. గౌరి గబగబా చెప్పింది.

"పొద్దున్న మామ్మ లెగిసి అన్నం వండింది. ఒక్కటే ముద్ద సేసింది. ఇది ఎనిమిదోది అంది. సగం నాకు తినిపించీసి బొట్టెట్టింది. మిగతా సగం చాట మీద ఎండలో పెట్టింది."

"ఎందుకే?"

"వడియం సేస్తాదంట. నాను ఒచ్చినాక ఏపి పెడతాదంట. అది నీల్లల్లో ఒదిలీ ముద్ద కాదు, మల్లొచ్చి తినీ ముద్ద అంటన్నాది." వెంటనే ఇంకో మాట అంది. "ఆంటీ, మామ్మ ఒకటి అడగమంది. నౌపడలో మంచి ఉప్పు దొరుకుతాదంట కదా, కొంచెం తెస్తారా? ఆ వడియాన్ని ఉప్పు జాడీలో పెట్టి దాస్తాదంట, పాడవకుండా."

ఫోను పెట్టేశాక, నన్ను మడిలోంచి లేపినావిడ దగ్గరకే వెళ్లాం. కుప్ప మీది తాటాకు తీసి, కింద ఉన్న తెల్లటి గళ్లుప్పు దోసిళ్లతో సంచిలో పోసింది. వదిన కళ్లు తుడుచుకుంటూ సంచి పట్టుకుంది. ఐదు కిలోలు దాటినా నేను చాలనలేదు.

"ఒక్క వడియానికి ఇంతుప్పేటే?" అంది వదిన.

"ఎన్నాళ్లు దాచాలో తెలీదు కదా వదినా."

వదిన బుట్టలో ఉన్న నా తువ్వాలూ తన తేగల కట్టా తీసి నా చేతిలో పెట్టి, ఉప్పు సంచిని అందులో సర్దింది. పొట్టేలిని వెనక్కి తిప్పింది.